బుదైయా ఇలకూర, ఉప్పుటేటి ఇలకూర

పాపాయమ్మ ఆ ఆకును నోట్లో వేసుకోవడం చూసి బద్రియా పెద్దగా కేక పెట్టింది.

"లా! లా! వద్దు! ఉమ్మెయ్! ముందు ఉమ్మెయ్!"

పాపాయమ్మ ఉమ్మలేదు. కళ్ళు మూసుకుని ఇంకోసారి నమిలింది. వంగి మరో నాలుగాకులు తుంచి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"ఇది మా ఊరి కూర, అబ్లా! ఇలకూర! మేం పప్పులో వేసుకుని తింటాం!"

2004 జనవరి అది. రెండు రోజులు వానపడి వెలిసింది. బుదైయాలో ఖర్జూరం తోటలు దాటాక సముద్రం పక్కన ఉప్పు పేరుకున్న నేల మీద సన్నటి కండగల ఆకులతో గుబురుగా పెరిగిన మొక్కలవి. ఆకుపచ్చగా మొదలై కొసల దగ్గర ఎర్రబడుతున్నాయి. మూడేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్నా పాపాయమ్మ ఆ వైపు రావడం అదే మొదలు.

ఆమెది కాకినాడ దగ్గర ఉప్పుటేరు పక్కన ఒక పల్లె. ఐదో తరగతి దాకా చదువుకుంది. భర్త పడవ మీద పనికి వెళ్ళేవాడు. పిల్లలిద్దర్నీ వదిన నరసాయమ్మ దగ్గర ఉంచి, 2001లో ఇంటిపని వీసా మీద బహ్రెయిన్ వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్ళు.

ఇంటి యజమానురాలు బద్రియా ఆడపిల్లల బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. అక్కడ పిల్లలు పంతులమ్మను అబ్లా అని పిలుస్తారు. బడి మానేసినా ఆ పిలుపు ఆవిడను వదల్లేదు. కూరగాయల వాడు కూడా అబ్లా అనే అనేవాడు. మోకాళ్ళ నొప్పులు వచ్చాక వంగి మొక్కలు ఏరడం కష్టమై, ఆ రోజు సంచీ మోయడానికని పాపాయమ్మను వెంట తీసుకొచ్చింది. వాళ్ళిద్దరి మధ్య నడిచేది వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ. అది చాలని చోట డ్రైవరు ఇస్హాఖ్ సాయం చేసేవాడు. అతనిది జగిత్యాల. అతను మోసిన మాటలు అటూ ఇటూ కాస్త తెలంగాణ యాసలోనే చేరేవి.

అబ్లా భూతద్దం తీసి ఆకును చూసింది. "ఇదే మొక్కా? అచ్చం ఇదేనా?"

"పదేళ్ళప్పట్నించీ కోసిన కూర. నాకు తెలీదా?"

"కావచ్చు. దాని అక్కో చెల్లెలో కూడా కావచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి చూడనిదే చెప్పలేం." అంటూనే అబ్లా ముఖం మారిపోయింది. బడిలో గంట కొట్టగానే క్లాసులోకి దూసుకెళ్ళే పంతులమ్మ ముఖమది. "పాపాయమ్మా, మీ ఊరి నుంచి ఆ మొక్క తెప్పించగలవా?"

ఇంటికి రాగానే అబ్లా మేడమీది గది తాళం తీసింది. పాపాయమ్మ అప్పటిదాకా ఆ గదిని గుమ్మం దాకానే ఊడ్చేది. లోపల రెండు ఇనప బీరువాలు, వాటి నిండా అట్టలు. ఒక్కో అట్ట మీద ఒక్కో ఎండిన మొక్క, వేరుతో, పువ్వుతో, కాయతో సహా పలచటి కాగితపు పట్టీలతో అంటించి ఉంది. కింద మూల ఎవరు కోశారు, ఎక్కడ, ఏ రోజు అని రాసిన చీటీ.

అబ్లా కుర్చీలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నూటయాభై ఏళ్ళ కింద ఇలాంటి పిచ్చివాళ్ళు లోకమంతా ఉండేవారట. మద్రాసు రేవులో ఒక డాక్టరు ఉంటే, ఎక్కడో మంచుదేశంలో ఒక పాదిరి ఉండేవాడు. డాక్టరు అక్కడి మొక్కల్ని కాగితాల మధ్య నొక్కి, విత్తనాల్ని మైనంలోనో ఎండు ఇసకలోనో పెట్టి ఓడెక్కించేవాడు. అవి చేరడానికి నెలలు పట్టేది. సగం బూజుపట్టేవి, కొన్ని ఎలుకలు తినేవి, కొన్ని ఓడతో పాటు మునిగేవి. పాదిరి మళ్ళీ తన ఊరి మొక్కల్ని మద్రాసుకు పంపేవాడు. ముప్ఫై ఏళ్ళపాటు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే పోయారు.

"ఎందుకమ్మా అంత కష్టం?" అంది పాపాయమ్మ.

"ఒక్కడి ఊళ్ళో లోకం మొత్తం మొలవదు కదా."

ఆ పూట గిన్నెలు తోమడం మధ్యాహ్నానికి వాయిదా పడింది.

శుక్రవారం పాపాయమ్మ ఊరికి ఫోన్ చేసింది. ఇంట్లో ఫోను లేదు. లోవరాజు కొట్టుకు చేస్తే, అతను కేకేసి నరసాయమ్మను పిలిచేవాడు. నరసాయమ్మకు యాభై రెండేళ్ళు. చదువు రాదు. ఏటి గట్టున ఏది తినాలో, ఏది పశువులకు మంచిదో, ఏది దెబ్బకు కట్టాలో ఆ చుట్టుపక్కల ఆవిడనే అడిగేవారు.

"ఇలకూరా?" అంది నరసాయమ్మ ఫోన్లో. "ఎండబెట్టి పంపాలా? అక్కడ కూడు పెట్టట్లేదేంటే నీకు?"

"తినడానిక్కాదు వదినా. సూడ్డానికి."

"కూరని సూత్తారా?"

"మా అమ్మగారు సదూకున్నావిడ. ఇక్కడా ఇలకూర ఉంది వదినా! నిజ్జంగా! మన కూరా ఆళ్ళ కూరా ఒకటేనో కాదో తేల్చాలంట."

"అక్కడ ఇలకూర మొలుత్తాదా?" అంది నరసాయమ్మ. గొంతులో వెటకారం పోయింది. "ఉప్పుగానే ఉందా?"

"మనదానికంటే ఎక్కువ."

"సరే, పంపుతాను."

మొదటి పొట్లం వచ్చేసరికి మార్చి నెల సగమైంది. పాపాయమ్మ వంటింటి బల్ల మీద పెట్టి కత్తెరతో విప్పింది. పాలిథిన్ సంచిలో గుప్పెడు నల్లటి ముద్ద, గుప్పున బూజు వాసన. నరసాయమ్మ పచ్చికూరనే కట్టకట్టి, సంచిలో పెట్టి, మూతి బిగించి పంపేసింది. పాపాయమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. అబ్లా మాత్రం పడీపడీ నవ్వింది. ఆ డాక్టరు మొదటిసారి పంపింది కూడా ఇలాగే వచ్చి ఉంటుందంది.

ఆ శుక్రవారం ఫోన్లో పాఠం నడిచింది. వేరుతో సహా పీకాలి. మట్టి కడగాలి. పేపర్ల మధ్య పరిచి పైన బరువు పెట్టాలి. రోజూ పేపరు మార్చాలి. అబ్లా పక్కన నిలబడి అరబ్బీలో చెబుతుంటే పాపాయమ్మ తెలుగులో అందించింది.

"బరువంటే ఎంత?" అడిగింది నరసాయమ్మ.

"రుబ్బురోలు పొత్రం సరిపోద్ది."

"మరి పప్పు దేంతో రుబ్బుతాననుకున్నావే?"

అయినా నరసాయమ్మ పది రోజులు పప్పు రుబ్బలేదు. మే నెలలో వచ్చిన రెండో పొట్లంలో రెండు అట్టముక్కల మధ్య, పాత పేపర్లలో, నాలుగు ఇలకూర మొక్కలు వేళ్ళతో సహా బల్లపరుపుగా, చిన్న ఆకు కూడా రాలకుండా పడుకుని ఉన్నాయి. సబ్బుపెట్టె అట్ట వెనక లోవరాజు చేతిరాతతో చీటీ: "ఉప్పుటేరు పడమటి గట్టు. పోటుకు మునిగే చోటు. కోసింది నరసాయమ్మ."

అబ్లా ఆ చీటీని చదివించుకుని లేచి నిలబడింది. "పోటుకు మునిగే చోటు! ఈ మాట రాయమని మనం చెప్పామా?"

"లేదు."

"నా విద్యార్థుల్లో ఏ ఒక్కరూ చెప్పకుండా ఇది రాయలేదు," అంటూ ఆవిడ పాపాయమ్మను గట్టిగా కావలించుకుంది.

బదులు పంపాల్సిందే అని అబ్లా పట్టుపట్టింది. అట్టకు అట్ట. అదీ తను చెయ్యదట, పాపాయమ్మే చెయ్యాలట. పాపాయమ్మ బుదైయా మొక్కను పీకి, కడిగి, పరిచింది. మొదటిది వంకరపోయింది, రెండోది పేపరుకు అతుక్కుపోయింది, మూడోది కుదిరింది. చీటీ మీద తన పేరు తానే రాసుకుంది. బట్టలు ఇస్త్రీ చేస్తూ మధ్యలో మేడెక్కి పేపరు తీసి చూసి వచ్చేది.

పక్కపక్కన పెట్టి చూస్తే రెండు మొక్కలూ ఒకేలా ఉన్నాయి, కానీ పూర్తిగా కాదు. బుదైయా ఆకు కొస మొద్దుగా, ఊరి ఆకు కొస సన్నగా. అది జాతి తేడానో, నేల తేడానో ఎండు మొక్క చెప్పదంది అబ్లా. విత్తనాలు మార్చుకోవాలి. రెంటినీ ఒకే మట్టిలో, ఒకే నీళ్ళతో పెంచి చూడాలి. ఇక్కడా చెయ్యాలి, అక్కడా చెయ్యాలి.

పాతకాలంలోలాగా విత్తనాల్ని కవర్లో పెట్టి పంపడం ఇప్పుడు కుదరదు. పరాయి విత్తనంతో పురుగూ తెగులూ వెళ్ళొచ్చు కనుక కాగితం కావాలి. అబ్లా వ్యవసాయ ఆఫీసు చుట్టూ తిరిగింది. లోవరాజు కాకినాడలో ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అతనికి ఈ పనితో సంబంధమే లేదు. వారం వారం ఫోన్లో వింటూ వింటూ అతనికీ కుతూహలం పుట్టింది. అక్టోబరు మొదట్లో పాపాయమ్మ తీరం మీద విత్తనాలు దులిపి తెచ్చింది. సగం ఊరికి పంపింది. మిగతా సగాన్ని అబ్లా జల్లెడ పట్టి, చెత్తా చెదారం పారేసి, ఊరి విత్తనాలతో పాటు డాబా మీద కుండీల్లో చల్లింది. అక్కడ నరసాయమ్మ కూడా రెండు రకాలూ పగిలిన కుండల్లో చల్లింది.

నవంబరులో మొలకలొచ్చాయి. పాపాయమ్మ పొద్దున్నే చాయ్ పెట్టకముందే డాబా ఎక్కేది. శుక్రవారం ఫోన్లో పిల్లల చదువుల కంటే ముందు ఆకుల లెక్క నడిచేది. డిసెంబరు నాటికి తేలిపోయింది. ఒకే మట్టిలో, ఒకే నీళ్ళతో కూడా బుదైయా ఆకు మొద్దుగానే ఉంది, ఊరి ఆకు సన్నగానే ఉంది. అక్కడ కుండల్లోనూ అంతే.

"అక్కచెల్లెళ్ళు!" అంది అబ్లా.

"మేనత్త మేనమామ బిడ్డలు," అంది నరసాయమ్మ ఫోన్లో. "సొంత అక్కసెల్లెళ్ళకి ఇంత తేడా ఉండదు."

ఆ నెలాఖరునే సముద్రం పొంగింది. టీవీలో తీరమంతా అల్లకల్లోలం. ఫోను కలిసేదాకా పాపాయమ్మ ముద్ద మింగలేదు. ఊరికి ఏమీ కాలేదు. నీళ్ళు గట్టుదాకా వచ్చి తిరిగిపోయాయి.

అందుకే జనవరి చివర ఒక మంగళవారం పొద్దున్న లోవరాజు కొట్టు నుంచే ఫోను వచ్చేసరికి పాపాయమ్మ చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. ఊరి నుంచి వాళ్ళు చెయ్యడం అదే మొదటిసారి.

"ఏమైంది వదినా? పిల్లలు బాగున్నారా?"

"పిల్లలకేమే, బాగానే ఉన్నారు. ముందిది విను. నువ్వు పంపిన ఇత్తనాల్లో వేరేది కలిసింది."

"వేరేదా?"

"మొలకలప్పుడు గడ్డనుకున్నాను. పీకబోయి ఊరుకున్నాను. మూడు మొక్కలు. ఇలకూర కాదు. ఆకు మీద తెల్లగా నూగు. కింద ఆకులు ఎడంగా, పైన దగ్గరగా. గింజ తొడుగు ఇంకా వేరుకే అంటుకుని ఉంది, దానికి సన్న ముళ్ళున్నాయి. మన ఏటి గట్టున ఇట్టాంటిది నేనెప్పుడూ సూళ్ళేదు. మీ అమ్మగారికి సెప్పు."

పాపాయమ్మ ఫోను పట్టుకునే అరబ్బీలో చెప్పింది. నూగు అనే మాట రాక, అక్కడే ఉన్న ఇస్హాఖ్ గడ్డం చూపించింది. ముళ్ళ సంగతి వినగానే అబ్లా చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"ముళ్ళా? ఎన్ని? అడుగు! ఎన్ని?"

"ఐదు," అంది నరసాయమ్మ. "మూడింటికీ ఐదే."

అబ్లా మోకాళ్ళ సంగతి మర్చిపోయి మెట్లెక్కింది. కిందికి వచ్చేసరికి చేతిలో ఒక పాత అట్ట ఉంది. నలభై ఏళ్ళ కింద ఆవిడ పంతులుగారు కోసిన మొక్క. తెల్లటి నూగు, ఐదు ముళ్ళ కాయలు. ఆ తర్వాత దాన్ని అబ్లా గానీ, తనకు తెలిసిన మరొకరు గానీ ఆ దీవిలో చూడలేదు. ఇరవై ఏళ్ళు వెతికి, అంతరించిపోయిందని తన పుస్తకంలో రాసుకుంది. జల్లెడ పట్టినప్పుడు చెత్త అనుకుని పారేసింది ఆ ముళ్ళకాయల్నే.

"నా చేత్తో పారేశాను," అంది అబ్లా. "ఆ ఊళ్ళో ఆవిడ చూసింది. పాపాయమ్మా, ఎక్కడ దులిపావు? గుర్తుందా?"

"పాత పడవ దగ్గర. పైపు అవతల పల్లంలో."

ఇస్హాఖ్ కారు తాళాలు అందుకున్నాడు. "అక్కా, పడవ దిక్కా? గాడ మట్టి పోస్తున్నరు. సముద్రం పూడుస్తున్నరు. నిన్ననే చూసిన, లారీలు లైన్ కట్టినయ్."

"యల్లా!" అని అబ్లా అప్పటికే గుమ్మం దాటింది.

కారు తోటల మధ్య దుమ్ము రేపుకుంటూ పోయింది. పాపాయమ్మ కాళ్ళ దగ్గర రెండు బకెట్లు, ఒడిలో పాత పేపర్లు, చేతిలో వంటింటి అట్లకాడ. తీరానికి చేరేసరికి పడవ సగం ఇసకలో కూరుకుపోయి ఉంది. పైపు అవతల పల్లం ఇంకా మిగిలింది. దాని అంచున ఒక లారీ వెనక్కి జరుగుతోంది. తొట్టె పైకి లేస్తోంది.

ఇస్హాఖ్ కారు ఆపకుండానే తలుపు తీసి అరిచాడు. "రోకో! రోకో భాయ్!"

తొట్టె ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "క్యా హువా?"

ఆ యాస వినగానే ఇస్హాఖ్ తెలుగులోకి దిగాడు. "ఏ ఊరే నీది?"

"ఆర్మూర్ దిక్కు. గంగన్న నా పేరు. ఏంది, ఏమైంది?"

"గా గుంటల మొక్కలున్నయ్ అన్నా. నలభై ఏండ్లసంది ఎవ్వలకు దొరకలే. జర అర్ధగంట ఆగు."

"మొక్కలా?" గంగన్న ఉప్పు నేలకేసి చూశాడు. అప్పటికే నల్లటి అబాయా మోకాళ్ళ దాకా ఎత్తిపట్టి ఒక పెద్దావిడ బురదలో దిగుతోంది. వెనకే బకెట్లు పట్టుకుని తెలుగు కట్టు చీరలో ఇంకో మనిషి. అతను తొట్టె కిందికి దించి ఇంజను ఆపేశాడు. "ఇంజన్ గరమైందని చెప్త. అర్ధగంటే. ఫోర్మన్ ఒస్తే నా చేతుల లేదు."

ముగ్గురూ వంగి వెతికారు. అన్నీ ఇలకూర గుబుర్లే. అబ్లా భూతద్దం చెమటకు మసకబారింది. పావుగంట గడిచినా ఏమీ దొరకలేదు. వెనక ఇంకో లారీ వచ్చి హారన్ కొట్టింది. గంగన్న దిగి వెళ్ళి దాని డ్రైవరుతో ఏదో గొడవపెట్టుకున్నాడు. కావాలనే సాగదీస్తున్నాడని చేతులు ఊపడంలోనే తెలుస్తోంది.

పాపాయమ్మ వెతకడం ఆపి నిలబడింది. అక్టోబరులో తను ఎక్కడ కూర్చుందో గుర్తు తెచ్చుకుంది. ఎండ వీపు మీద పడింది. అంటే పొద్దున్న, పడమటి వైపు తిరిగి. చీర కొంగుకు ఏదో గుచ్చుకుంటే విసుక్కుంది. పైపుకు ఆనుకుని. అవును, పైపు కిందే!

అక్కడికి పరుగెత్తి బోర్లా పడుకున్నంతగా వంగింది. పైపు నీడలో, రాళ్ళ సందున, జానెడు ఎత్తున తెల్లటి నూగుతో చిన్న మొక్కలు. పక్కన నిరుటి ఎండు కొమ్మ, దాని నిండా ముళ్ళకాయలు.

"అబ్లా! అబ్లా! ఐదు ముళ్ళు!"

బద్రియా వచ్చి బురదలో చతికిలబడింది. భూతద్దం పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే పైట లాగా అబాయా అంచుతో తుడుచుకుంది. తర్వాత ఒక్కసారిగా అజమాయిషీ మొదలుపెట్టింది. ఏడు మొక్కలున్నాయి. రెండు వేళ్ళతో సహా అట్టలకు. ఐదు మట్టిగడ్డతో సహా బకెట్లలోకి. ఎండు కొమ్మ మొత్తం కవరులోకి. ఒక్క కాయ కూడా వదలొద్దు. పాపాయమ్మ అట్లకాడతో మట్టి పెళ్ళగించింది. ఇస్హాఖ్ కాయలు ఏరుతూ వేళ్ళకు గుచ్చుకుంటే "యా అల్లా" అంటూనే నవ్వాడు.

"ఖలాస్!" అని అబ్లా చెయ్యెత్తింది.

గంగన్న బకెట్లోకి తొంగిచూశాడు. "గింతేనా?" అన్నాడు. అయినా వదిలిపెట్టకుండా వాటిని కారు దాకా తనే మోసుకొచ్చాడు. వాళ్ళు తోటల దారి చేరేసరికి వెనక ఇసక జారిన చప్పుడు వినిపించింది.

ఆ మధ్యాహ్నమే అబ్లా తనే ఫోన్ కలపమంది. నరసాయమ్మ లైన్లోకి రాగానే ఆవిడ అరబ్బీలో గుక్కతిప్పుకోకుండా మాట్లాడింది. అవతల నరసాయమ్మ తెలుగులో మాట్లాడింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. పాపాయమ్మ మధ్యలో దూరబోతే అబ్లా చేత్తో వారించింది. చాలాసేపటికి ఫోను ఇచ్చేసింది.

"ఏమందే?" అంది నరసాయమ్మ.

"నీకేం అర్థమైంది?"

"దొరికిందని అర్థమైంది. బోల్డు సంబరంగా ఉందిగా ఆవిడ గొంతు. నా దగ్గర మూడున్నాయని చెప్పాను. బెంగ పెట్టుకోవద్దన్నాను."

బకెట్లలోని ఐదింట్లో నాలుగు బతికాయి. అబ్లా వాటిని డాబా మీద పెంచి, కాయించి, విత్తనాలు పొట్లాలు కట్టింది. జల్లాఖ్ వైపు మనుషులు తొక్కని ఉప్పు నేల మీద కొన్ని చల్లింది. రెండో ఏడాది అక్కడ పదహారు మొలిచాయి. రెండు అట్టల్లో ఒకటి ఇంట్లో ఉంది. రెండోది సముద్రాల అవతల మొక్కల్ని ఎండబెట్టి దాచే ఒక పెద్ద సంస్థకు వెళ్ళింది. దాని చీటీ మీద అబ్లా ఇలా రాసింది: మొదట గుర్తించింది నరసాయమ్మ, ఉప్పుటేరు. చోటు కనిపెట్టి కోసింది పాపాయమ్మ, బుదైయా.

అట్ట వెళ్ళిన నాలుగు నెలలకు జవాబు వచ్చింది. మొక్క అదేనని రూఢి చేశారు. అంతటితో ఆగలేదు. ఇంత సన్నని తేడా పట్టిన డాక్టర్ నరసాయమ్మగారు ఆ తీరపు మొక్కలు పంపగలరా, బదులుగా తమ దగ్గరి అట్టలు పంపుతాం అని అడిగారు. ఉత్తరాన్ని అబ్లా అరబ్బీలో చదివింది, ఇస్హాఖ్ కారు తుడవడం ఆపి తెలుగు చేశాడు, పాపాయమ్మ దాన్ని మోసుకుని ఫోను దగ్గరికి పరుగెత్తింది.

"డాక్టరా?" నరసాయమ్మ విరగబడి నవ్వింది. లోవరాజు నవ్వు కూడా వినిపించింది. "ఎన్ని రకాలు కావాలంట?"

"నీకు తెలిసినయ్యన్నీ."

"అన్నీనా!" అవతల నుంచి గబగబా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్న గొణుగుడు. "తెల్లమడ, గుగ్గిలం, పిల్లిసార... పేపర్లు సాలవు. ఒరే లోవరాజూ, పాత పేపర్లన్నీ నాకుంచు, పొట్లాలు కట్టకు." మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. "పాపాయీ, ఇంక పెట్టెయ్యవే. పాటు తగిలింది, ఏట్లో నీళ్ళు దిగిపోతన్నాయి, నేను ఏటికెళ్ళాలి."